మసిని పట్టడం ఒక ఎత్తు, కాల్చడం ఒక ఎత్తు: డీజిల్ కారులో డీపీఎఫ్ చేసే పని

2020 ఏప్రిల్ 1 తర్వాత మన దేశంలో అమ్ముడైన డీజిల్ కారు దేన్ని తీసుకున్నా, ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఉక్కు తొడుగులో బిగించిన ఒక సిరామిక్ దిమ్మె ఉంటుంది. దాని పూర్తి పేరు డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. షోరూముల్లోనూ మెకానిక్ షెడ్లలోనూ అందరూ డీపీఎఫ్ అనే అంటారు. కారు కొన్నవారిలో చాలామందికి అలాంటిదొకటి ఉందని తెలిసేది డాష్‌బోర్డు మీద దాని గుర్తు పసుపుపచ్చగా వెలిగిన రోజునే. ఆ రోజు నుంచి సలహాలకు కొదవ ఉండదు. "ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి అరగంట ఆపకుండా తోలుకు రండి, అదే పోతుంది" అని ఒకరంటారు. "అది తీయించి పారేయండి, పికప్ పెరుగుతుంది" అని ఇంకొకరంటారు. మొదటి సలహా సరైనదే గాని అది ఎందుకు పనిచేస్తుందో చెప్పేవారు అరుదు. రెండోది చట్టవిరుద్ధం, పైగా ఊపిరితిత్తులతో చెలగాటం. ఈ రెండు సలహాలనూ సరిగా తూకం వేయాలంటే ఒక్క సంగతి అర్థం కావాలి: డీపీఎఫ్‌కు మసిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, పట్టుకున్న మసిని తనలోనే కాల్చుకోవడంలోనే దాని కష్టమంతా ఉంది.

అసలు మసి ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనమూ గాలీ ముందే బాగా కలిసి, ఆ తర్వాత ప్లగ్ నిప్పురవ్వతో మండుతాయి. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్ ఉండదు. గాలిని మాత్రమే లోపలికి పీల్చి, దాన్ని సుమారు పదిహేనో వంతుకు కుదిస్తే, ఆ ఒత్తిడికి అదే వేడెక్కిపోతుంది. అలా కాగిన గాలిలోకి ఇంజెక్టర్ డీజిల్‌ను అతి సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట తాను అంటుకుంటుంది. సిలిండర్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే గాలి కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది, కాని తుంపర నడిమి భాగానికి ఆ గాలి అందే లోపలే మంట మొదలవుతుంది. ఆక్సిజన్ అందని ఆ చోట్ల డీజిల్ పూర్తిగా మండదు, అందులోని కార్బన్ నల్లటి నలుసులుగా మిగిలిపోతుంది. కిరోసిన్ లాంతరు ఒత్తిని మరీ పైకి తిప్పితే చిమ్నీ నల్లబడేది కూడా ఇందుకే: చుట్టూ గదినిండా గాలి ఉన్నా మంట లోపలికి అందే గాలి చాలదు.

ఇంజెక్షన్ ఒత్తిడిని పెంచి తుంపరను ఇంకా సన్నం చేస్తే మసి తగ్గుతుంది. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ ఇంజిన్లలో ఈ ఒత్తిడి 1,600 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దాటి, కొన్నింటిలో 2,000 బార్ పైకి వెళ్లింది కూడా. అయితే ఇక్కడ డీజిల్ ఇంజనీర్లను దశాబ్దాలుగా వేధిస్తున్న చిక్కొకటి ఎదురవుతుంది. మంట ఎంత వేడిగా, ఎంత సంపూర్ణంగా ఉంటే మసి అంత తగ్గుతుంది, కాని ఆ వేడికే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని తగ్గించడానికి కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌లోకి పంపి మంటను చల్లబరిస్తే, మళ్లీ మసి పెరుగుతుంది. ముందుకు వెళితే గొయ్యి, వెనక్కు వెళితే నుయ్యి అన్నట్టుండే ఈ బేరంలో ఇంజిన్ లోపలి సర్దుబాట్లతో కొంతదూరం మాత్రమే నెట్టుకురాగలం. ప్రమాణాలు ఒక స్థాయి దాటి బిగిసిన తర్వాత, పుట్టిన మసిని బయట పట్టుకోవడం తప్ప వేరే దారి మిగలలేదు.

పట్టుకోవలసిన అవసరమూ చిన్నది కాదు. డీజిల్ మసి నలుసులలో ఎక్కువ భాగం ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు ప్రాంతంలో ఉంటాయి. తల వెంట్రుక మందంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు చిన్నవి. ఆ సైజు నలుసులు ముక్కులోనో గొంతులోనో ఆగవు, ఊపిరితిత్తుల అట్టడుగున ఉండే గాలి గదుల దాకా చేరతాయి. కార్బన్ నలుసు వట్టిది కూడా కాదు, సగం కాలిన హైడ్రోకార్బన్లను ఒంటికి పూసుకుని ప్రయాణిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గమది.

ఇక ఫిల్టర్ నిర్మాణానికి వద్దాం. కార్డియరైట్ లేదా సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్‌తో చేసిన దిమ్మెలో, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలాది సన్నని చదరపు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. ముందువైపు నుంచి చూస్తే చదరంగం బల్ల మీద గళ్లలా ఒకటి విడిచి ఒకటి మూసి ఉంటుంది. ముందు తెరిచి ఉన్న గొట్టానికి వెనుక బిరడా, ముందు బిరడా ఉన్నదానికి వెనుక దారి. లోపలికి వెళ్లిన పొగ నేరుగా బయటికి రాలేదు కాబట్టి, గొట్టం గోడను చీల్చుకుని పక్క గొట్టంలోకి దూరి బయటపడాలి. ఆ గోడ నిండా కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి, వాయువులు వాటిగుండా పోతాయి, నలుసులు ఆగిపోతాయి. ఈ నమూనాను 1970ల చివర్లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ రూపొందించింది.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. గోడలోని రంధ్రాల సైజు సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు, మసి నలుసు సైజు 0.1 మైక్రాన్. అంటే నలుసు కంటే రంధ్రం నూరు రెట్లకు పైగా పెద్దది. జల్లెడ లెక్కన చూస్తే ఒక్క నలుసు కూడా ఆగకూడదు. అయినా ఆగుతాయి. అంత చిన్న నలుసులను చుట్టూ ఉన్న వాయు అణువులు అన్ని వైపుల నుంచీ ఢీకొడుతుంటే అవి తిన్నగా పోలేక అడ్డదిడ్డంగా కదులుతాయి. వంకర టింకర రంధ్రంలో అలా కదిలే నలుసు ఎక్కడో ఒకచోట గోడకు తగిలి అతుక్కుపోక తప్పదు. అలా అతుక్కున్నవాటి మీద మరికొన్ని చేరి గోడ మీద సన్నని మసి పొర ఏర్పడుతుంది, ఆ తర్వాత వచ్చే నలుసులను ఆపేది ముఖ్యంగా ఆ పొరే. అందుచేత కొంచెం మసి పట్టిన ఫిల్టర్ కొత్త ఫిల్టర్ కంటే మెరుగ్గా పనిచేస్తుంది. ఆ పొర ఏర్పడ్డాక సంఖ్య ప్రకారం చూసినా నూటికి 95కు తగ్గకుండా, మంచి స్థితిలో 99 దాకా నలుసులు ఇక్కడే నిలిచిపోతాయి.

పట్టుకోవడం ఇంతటితో అయిపోయింది. అసలు కథ ఇక్కడి నుంచే.

మసి పొర మందమైన కొద్దీ పొగ బయటికి పోవడానికి ఇంజిన్ ఎక్కువ బలంతో నెట్టవలసి వస్తుంది. పికప్ తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, చివరికి దారి మూసుకుపోతుంది. కనుక మసిని కాల్చి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి పంపివేయాలి. దీన్నే రీజనరేషన్ అంటారు. ఆక్సిజన్‌తో మసి చురుగ్గా కాలాలంటే సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. డీజిల్ ఇంజిన్ గొప్పతనమేమో తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేయడం. వేడిని వృథాగా పొగలోకి వదలకపోవడం వల్లనే అది పొదుపరి అయింది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే డీజిల్ కారు పొగ వేడి చాలాసార్లు 150 నుంచి 250 డిగ్రీల మధ్యే ఉంటుంది. కావలసిన 600కూ ఉన్న 200కూ మధ్య ఖాళీని పూడ్చడానికి చేసే ప్రయత్నాలే ఈ సాంకేతికత చరిత్ర. మెర్సిడెస్ 1985లోనే కాలిఫోర్నియాలో అమ్మిన కొన్ని డీజిల్ కార్లకు మసి ఫిల్టర్ పెట్టింది గాని ఆ ప్రయత్నం ఎంతోకాలం నిలవలేదు. 2000లో ప్యూజో తన 607 మోడల్‌తో దీన్ని భారీ ఉత్పత్తిలోకి తెచ్చింది, సీరియం అనే లోహం కలిసిన ద్రవాన్ని ఇంధనంలో కొద్దికొద్దిగా కలపడం ద్వారా మసి అంటుకునే వేడిని తగ్గించగలిగింది.

ఇప్పటి కార్లలో ఈ పని రెండు దారుల్లో జరుగుతుంది. ఫిల్టర్‌కు ముందు ప్లాటినం, పల్లేడియం పూసిన ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ (తాను ఖర్చు కాకుండా ఆక్సిజన్‌తో జరిగే చర్యను వేగవంతం చేసేది) ఒకటి ఉంటుంది. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆక్సిజన్‌కు 600 డిగ్రీలు కావలసిన పనిని నైట్రోజన్ డయాక్సైడ్ 250, 300 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది. విజయవాడ హైవే మీద గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతున్న కారులో ఈ పని డ్రైవర్‌కు తెలియకుండానే సాగిపోతుంటుంది. అది చాలనప్పుడు రెండో దారి. ఫిల్టర్‌కు ముందూ వెనుకా ఉన్న ఒత్తిడి తేడాను ఒక సెన్సర్ కొలుస్తుంటుంది, ఇంజిన్ కంప్యూటర్ ఎంత మసి చేరి ఉంటుందో తనంతట తాను లెక్క కడుతుంటుంది. మసి హద్దుకు చేరిందని తేలగానే, సిలిండర్‌లో మంట అయిపోయి పిస్టన్ కిందికి దిగుతున్న వేళ కంప్యూటర్ కొద్దిగా అదనపు డీజిల్ చిమ్మిస్తుంది. అది అక్కడ పూర్తిగా మండక క్యాటలిస్ట్ దాకా వెళ్లి మండుతుంది, ఆ వేడికి ఫిల్టర్ 600 డిగ్రీలు అందుకుంటుంది. ఇలా 10 నుంచి 20 నిమిషాలు సాగితే మసి కాలిపోతుంది.

ఈ 10, 20 నిమిషాలే మన ఊళ్లలో దొరకనివి. అమీర్‌పేటలో ఇల్లు, పంజాగుట్టలో ఆఫీసు ఉన్నవారి కారు రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున ట్రాఫిక్‌లో పాకుతుంది. ఇంజిన్ వేడెక్కేసరికే ప్రయాణం ముగుస్తుంది. ఎప్పుడైనా రీజనరేషన్ మొదలైనా సగంలోనే ఇంజిన్ ఆపేస్తారు, మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ సగం. అది నడుస్తున్నప్పుడు గుర్తుపట్టడం కష్టం కాదు: ఐడిలింగ్ వేగం, అంటే కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, మామూలు కంటే కొంచెం పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, మైలేజీ చూపే అంకె హఠాత్తుగా పడిపోతుంది, కారు దిగితే వేడి వాసన వస్తుంది. ఆ సమయంలో వీలైతే ఇంజిన్ ఆపకుండా మరో పది నిమిషాలు రోడ్డు మీదే ఉండటం మేలు. ఆపుతూ పోతే కొన్నాళ్లకు పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి, ఒక గేరు తక్కువలో పెట్టి, ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లకు పైన తిరిగేలా అరగంట తోలితే చాలాసార్లు ఆరిపోతుంది. ఆ లైటునూ పట్టించుకోకపోతే కారు తన శక్తిని తానే కుదించుకుంటుంది, ఆపై సర్వీస్ సెంటర్‌లో స్కానర్ తగిలించి బలవంతంగా కాల్పించాలి.

అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల పక్కగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. రీజనరేషన్ మాటిమాటికీ మొదలై మధ్యలో ఆగే కారులో ఇది మరీ ఎక్కువ. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గవలసింది పోయి పెరిగి కనిపిస్తుంది. ఆయిల్ తాగని మంచి ఇంజిన్ అని సంబరపడే సందర్భం కాదది. ఆయిల్ పలచబడి బేరింగులనూ టర్బోనూ అరగదీస్తుందని గుర్తు. గరిష్ఠ గీత దాటితే వెంటనే మార్పించాలి.

మసి మరీ పేరుకుపోయాక కాల్చడంలో ప్రమాదమూ ఉంది. గుట్టగా పడిన మసి అంటుకున్న క్షణంలోనే కారు సిగ్నల్ దగ్గర ఆగిందనుకుందాం. అప్పటిదాకా వేడిని మోసుకుపోతున్న పొగ ప్రవాహం ఒక్కసారిగా తగ్గుతుంది, మరోవైపు ఐడిలింగ్‌లో పొగలో ఆక్సిజన్ శాతం పెరుగుతుంది. మసి భగ్గున మండి లోపలి వేడి 1,000 డిగ్రీలు దాటవచ్చు, దిమ్మె పగలవచ్చు. పగిలిన ఫిల్టర్ ఏ లైటూ వెలిగించకుండా మసిని వదిలేసే అవకాశం కూడా లేకపోలేదు.

మన దేశంలో ఈ పరికరం ఇంత ఆలస్యంగా రావడానికి కారణం కార్ల కంపెనీలు మాత్రమే కాదు, బంకులో పోసిన డీజిల్ కూడా. డీజిల్‌లోని గంధకం క్యాటలిస్ట్‌లోని ప్లాటినం పనిని అడ్డుకుంటుంది, నైట్రోజన్ డయాక్సైడ్ తయారు కానివ్వదు, తాను సల్ఫేట్‌గా మారి కొత్త నలుసులను పుట్టిస్తుంది. మన దేశపు వాహన కాలుష్య ప్రమాణాలైన భారత్ స్టేజ్ (బీఎస్) మెట్ల ప్రకారం, బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 350, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. మధ్యలో ఉండవలసిన బీఎస్-5 మెట్టును వదిలేసి నేరుగా బీఎస్-6కు వెళ్లాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్‌తో సహా దేశంలోని రిఫైనరీలు ఆ గంధకాన్ని తీసే ఏర్పాట్లను పెంచుకోవలసి వచ్చింది. 2020 మార్చి 31 తర్వాత బీఎస్-4 వాహనాలు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇవ్వడంతో గడువు పొడిగింపు ఆశలు కూడా పోయాయి. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన నలుసుల బరువు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు దిగింది.

బరువు కంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి అదే ప్రమాణంలో ఉంది, దాని గురించి పత్రికల్లో వచ్చింది తక్కువ. బీఎస్-6లో నలుసులను తూచడంతో పాటు లెక్కపెట్టడం కూడా మొదలైంది. అతి సన్నని నలుసుల బరువు దాదాపు శూన్యం కనుక వాటిని తూకం పట్టించుకోదు, హాని చేసేవి మాత్రం అవే. కిలోమీటరుకు 60 వేల కోట్ల నలుసులు దాటకూడదన్నది కొత్త హద్దు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది, కాని ఫిల్టర్ లేని డీజిల్ కారు వదిలే నలుసులు కిలోమీటరుకు 10 లక్షల కోట్లకు పైమాటే. ఈ లెక్క దగ్గరే ఫిల్టర్ లేకుండా ఇంజిన్ సర్దుబాట్లతో గట్టెక్కే దారి మూసుకుపోయింది. ఫిల్టర్ ఖర్చును చిన్న కారు ధర మోయలేకపోయింది. మారుతీ సుజుకీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు తయారు చేయడమే మానుకుంది.

ఫిల్టర్ ఆపలేనివీ ఉన్నాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు వాయువులు కాబట్టి గోడ రంధ్రాలగుండా నిక్షేపంగా వెళ్లిపోతాయి. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టిన వోక్స్‌వ్యాగన్ మోసం ఈ వాయువులకు సంబంధించినదే. ఆ కార్లకు మసి ఫిల్టర్ ఉంది, అయినా పరీక్ష గదిలో ఒకలా, రోడ్డు మీద మరోలా నడిచే సాఫ్ట్‌వేర్ వల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దుకు 40 రెట్ల దాకా వెలువడ్డాయి. వాటిని ఆపడానికి యూరియా ద్రవం చిమ్మే వేరే ఏర్పాటు కావాలి, కొన్ని కార్లలో డీజిల్ మూత పక్కన కనిపించే నీలం మూత దానిదే. మన దేశంలోనూ 2023 ఏప్రిల్ 1 నుంచి కార్లను గదిలోనే కాక రోడ్డు మీద కూడా కొలిచే నియమం వచ్చింది. ఇవి కాక, రీజనరేషన్ జరుగుతున్న నిమిషాల్లో నలుసుల సంఖ్య పెరుగుతుంది, అది ముగిశాక మసి పొర లేని ఫిల్టర్ కాసేపు బలహీనంగా పనిచేస్తుంది. మొత్తం మీద చూస్తే ఇది స్వల్పమే గాని, ఫిల్టర్ ఉంటే పొగ సున్నా అనే ప్రచారాన్ని నమ్మనవసరం లేదు.

కాల్చినా పోనిది బూడిద. ఇంజిన్ ఆయిల్‌లో అరుగుదలను తగ్గించడానికీ, ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడానికీ కలిపే కాల్షియం, జింక్, ఫాస్ఫరస్ వంటివి కొద్దికొద్దిగా కాలి బూడిదై ఫిల్టర్ అడుగున చేరతాయి. ఏ రీజనరేషనూ దీన్ని కదల్చలేదు. లక్షకు పైగా కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించడమో మార్చడమో చేయాలి. బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్‌నే పోయమని కంపెనీలు పట్టుబట్టేది అందుకే. వంద, రెండు వందలు తక్కువని వేరే డబ్బా పోయించుకుంటే ఆ పొదుపు ఫిల్టర్ ఆయుష్షులోంచి కోత పడుతుంది.

ఇక తీయించేసేవారి సంగతి. లోపలి దిమ్మెను పగలగొట్టి ఖాళీ తొడుగును తిరిగి బిగించి, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చే పని నగరాల్లో గుట్టుగా సాగుతూనే ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను నిషేధిస్తుంది. కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. చట్టం సరే, పట్టుకునేదెలా? బంకు పక్కన ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం డీజిల్ కారుకు చేసే పరీక్ష పొగ ఎంత దట్టంగా ఉందో, దానిగుండా వెలుతురు ఎంత ఆగిందో కొలుస్తుంది. 0.1 మైక్రాన్ నలుసు వెలుతురు తరంగం కంటే చిన్నది, వెలుతురును పెద్దగా ఆపదు. మంచి స్థితిలో ఉన్న కామన్ రైల్ ఇంజిన్‌కు ఫిల్టర్ ఊడబీకినా కంటికి నల్లపొగ కనిపించకపోవచ్చు, ఆ యంత్రం పాస్ అనే చెప్పవచ్చు. ఈ లోపాన్ని గుర్తించి బెల్జియం 2022 జూలై నుంచి, నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి, జర్మనీ 2023 జూలై నుంచి వాహన తనిఖీలో గొట్టం దగ్గరే నలుసులను లెక్కపెట్టే పరికరాలు పెట్టాయి. హద్దు దేశాన్ని బట్టి మారుతుంది: జర్మనీలో ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షల నలుసులు, నెదర్లాండ్స్‌లో పది లక్షలు. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే, ఇంజిన్‌ను రేస్ చేయవలసిన పని కూడా లేదు. మన దగ్గర ఇలాంటిది వచ్చేదాకా బీఎస్-6 ప్రమాణం కారు షోరూం దాటేవరకే గట్టిది, ఆపైన యజమాని మనస్సాక్షి మీద ఆధారపడేది అని నా అభిప్రాయం.

పాత బీఎస్-6 డీజిల్ కారు కొనబోయేవారు మాత్రం నలుసులను లెక్కపెట్టే ఆ యంత్రం కోసం ఎదురుచూడనక్కర లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపలి అంచున వేలితో గట్టిగా రుద్ది చూస్తే, ఫిల్టర్ బాగున్న కారులో వేలికి కాస్త దుమ్మో తేమో అంటుతుంది తప్ప కాటుకలాంటి మసి అంటదు. నల్లగా అంటితే ఫిల్టర్ పగిలిందనో, అసలు లేదనో అనుమానించాలి. తర్వాత స్కానర్ తగిలించి మసి మోతాదు, చివరి రీజనరేషన్ ఎన్ని కిలోమీటర్ల కిందట జరిగిందీ చూపమని అడగాలి. 200 కిలోమీటర్లకు ఒకసారి రీజనరేషన్ జరుగుతున్న కారు ఊళ్లోనే తిరిగిందని అర్థం. మీటరు మీద 30,000 మాత్రమే చూపుతూ ఏళ్ల తరబడి కాలనీ వీధుల్లో తిరిగిన కారు కంటే, హైదరాబాదుకూ రాజమండ్రికీ మధ్య తిరిగి 90,000 దాటిన కారులోనే ఫిల్టర్ ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఆ రెండో కారుకు బూడిద శుభ్రం చేయించే ఖర్చు దగ్గర్లోనే ఉందని బేరమాడేటప్పుడు లెక్క వేసుకోవాలి.